ఇంటి నంబరు వచ్చింది, ఇల్లింకా రాలేదు
(మా కౌంటీ కమిషనర్లకు బహిరంగ లేఖ)



జనవరి సమావేశంలో మీరు నాకు మూడు నిమిషాలు ఇచ్చారు. ఆ రోజు పద్నాలుగు మందిమి మాట్లాడాం కాబట్టి మీకు గుర్తుండకపోవచ్చు. బూట్ల నిండా ఎర్రమట్టితో వచ్చిన ఎనిమిదో మనిషిని నేను. ఎర్ర లైటు వెలిగేలోపు చదివేయాలన్న కంగారులో రాసుకొచ్చిన ఇంగ్లీషు కాగితం గబగబా అప్పజెప్పేసి కూర్చున్నాను. ఇంటికి వచ్చాక, అంటే క్యాంపర్‌కి వచ్చాక, అసలు సంగతి నోట్లోనే ఉండిపోయిందని తెలిసింది. అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నాను. మీ కోసం ఇంగ్లీషులోకి మారుస్తానని మా పెద్దది ఒప్పుకుంది, పేజీకి రెండు డాలర్లు అడుగుతోంది. ఆ బేరం తెగేలోపు దీన్ని తెలుగువాళ్ళు చదువుతారు. నార్త్ కరోలినాలో ఊరవతల నాలుగెకరాలో ఐదెకరాలో కొనుక్కుని ఇల్లు కట్టుకుందామని కాగితం మీద గీతలు గీసుకుంటున్నవాళ్ళు మాలో తక్కువేమీ లేరు. వాళ్ళకైనా ముందే తెలుస్తుంది.

సంగతి ఇదీ. సొంత స్థలంలో ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు అదే స్థలంలో క్యాంపర్ పెట్టుకుని 180 రోజులు ఉండొచ్చని మీ నిబంధన. పొడిగింపు లేదు. మా 180 రోజులు మొన్న డిసెంబరు మొదటి వారంతో నిండాయి. ఇల్లు నిండలేదు. గోడల చట్రం లేచింది, కప్పు పడింది, కిటికీలు అప్పటికింకా రాలేదు. తర్వాతి వారం ఒకాయన వచ్చి క్యాంపర్ తలుపుకి నోటీసు అంటించి వెళ్ళాడు. ఇది నివాసం కాదు అని రాసిన ఆ కాగితాన్ని, తలుపు తట్టి, ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని అడిగి మరీ అంటించాడు.

మేం ఆరుగురం. మా ఆయన, నేను, ఇద్దరు పిల్లలు 32 అడుగుల క్యాంపర్‌లో ఉంటాం. అత్తయ్య, మామయ్య పక్కనే 24 అడుగుల దాంట్లో. రెండూ ఎవరో వాడి అమ్మేసినవే. కేరీలో టౌన్‌హౌస్ అమ్మితేగానీ ఈ ఆరెకరాల్లో పునాది పడదు. అమ్మాక అద్దె ఇంట్లోకి వెళ్తే నెల నెలా ఆ అద్దె మా కప్పునీ కిటికీలనీ తినేస్తుంది. ఇదేదో క్యాంపింగ్ సరదా అని మీలో ఒకరు జనవరిలో నవ్వుతూ అన్నారు. సరదాకైతే రెండు రాత్రులు చాలు.

రెండొందల చిల్లర రాత్రులు ఎలా ఉంటాయో చెబుతాను. మా క్యాంపర్ 30 ఆంపియర్లది. 120 వోల్టులతో హెచ్చిస్తే మొత్తం 3,600 వాట్లు, అంతే. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్ పెడితే బ్రేకర్ పడిపోతుంది. కాబట్టి ఇడ్లీపిండి రుబ్బాలంటే ముందు ఏసీ ఆపాలి, పిల్లలు గోల పెట్టేలోపు గ్రైండర్ ఆపాలి. జులై ఎండలో మా పిండి ఎప్పుడూ నూక నూకగానే ఉండేది. తాళింపు వేస్తే పొగ అలారం మోగుతుంది. ఆవాలు చిటపటమనగానే చిన్నాడు తువ్వాలు పట్టుకుని అలారం కింద విసరడానికి తయారుగా నిలబడతాడు, వాడికదొక ఉద్యోగం. చలికాలం రాత్రి కుక్కర్ పెడితే తెల్లారేసరికి కిటికీ అద్దాల మీద నీళ్ళు కారుతుంటాయి. జనవరిలో ఒక రాత్రి నీళ్ళ గొట్టం గడ్డకట్టింది. దానికి చుట్టిన వేడి తీగ ప్లగ్గు ఊడిపోయిందని మామయ్య తెల్లవారుజామున కనిపెట్టేదాకా ఆరుగురం ఒక డ్రమ్ము నీళ్ళతో సరిపెట్టుకున్నాం.

ఇక మడి. మా అత్తయ్య అరవై ఏళ్ళుగా స్నానం చేసి, తడిబట్టతో పొయ్యి ముట్టించిన మనిషి. ఆవిడ క్యాంపర్‌లో మరుగుదొడ్డి తలుపుకీ పొయ్యికీ మధ్య మూడడుగులు. మొదటి వారం రోజులు ఆవిడ అన్నం వండలేదు, పళ్ళు తిని ఊరుకున్నారు. ఎనిమిదో రోజు బయట చెట్టు కింద గ్యాసు పొయ్యి పెట్టించుకుని, చుట్టూ ముగ్గు వేసుకుని, అక్కడ మొదలుపెట్టారు. ఆ చెట్టు కింద పొయ్యి మీవాళ్ళు తీసిన ఫొటోల్లో ఉందట. స్థలం అపరిశుభ్రంగా ఉంచుతున్నారనడానికి సాక్ష్యంగా. కమిషనర్లూ, మా స్థలంలో అన్నిటికన్నా శుభ్రమైన నాలుగడుగులు అవే.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మా సామెత. అది అన్నవాడు సెప్టిక్ పర్మిట్ కోసం తిరిగి ఉండడు. ఇక్కడి మట్టి ఎర్రటి బంకమట్టి. సెసిల్ అని దానికి పేరు కూడా ఉంది, ఈ రాష్ట్రపు ప్రతినిధి మట్టి అదేనట. చూడ్డానికి మా ఖమ్మం చేల మట్టిలా ముచ్చటగా ఉంటుంది, నీళ్ళు మాత్రం తాగదు. మట్టి పరీక్ష చేసినాయన ఆరెకరాలూ తిరిగి గోతులు తవ్వి, నీరు ఇంకే చోటు ఒక్కటే ఉందని ఈశాన్యం మూలకి చూపించాడు. ఈశాన్యంలో సెప్టిక్! మా వాళ్ళకి అర్థమవుతుంది, మీకోసం చెబుతున్నాను: వాస్తు ప్రకారం అక్కడ ఉండాల్సింది మంచినీళ్ళ బావి. అత్తయ్య రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు గుంటూరులో ఉన్న సిద్ధాంతిగారు ఫోనులో, పరదేశంలో దిక్కులకి కొంత మినహాయింపు ఉందని సెలవిచ్చారు. శాస్త్రానికే సడలింపు దొరికింది, 180 రోజులకి దొరకలేదు.

ఆ సెప్టిక్ మాట ఊరికే ఎత్తలేదు. క్యాంపర్ల మీద మీకున్న మొదటి భయం మురుగు. రాత్రికి రాత్రి వాగులోకి గొట్టం వదిలేస్తారని. అలా వదిలేవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ మేం పునాది కన్నా ముందు సెప్టిక్ వేయించాం. మీ ఆరోగ్య శాఖ వాళ్ళే వచ్చి చూసి, సరేనని సంతకం పెట్టి వెళ్ళిన ట్యాంకు అది. రెండు క్యాంపర్ల గొట్టాలూ అందులోకే పోతున్నాయి. అది పూర్తయ్యేదాకా వారానికోసారి పంపు బండిని పిలిపించుకున్నాం. రసీదులు అట్టపెట్టెలో ఉన్నాయి.

మరి 180 రోజులు ఎటు పోయాయి? నేను డైరీ రాస్తాను. అలవాటు. మా నాన్న పొలం పనికి కూలీల లెక్క రాసేవారు, అది నాకు వచ్చింది. 180 రోజుల్లో 97 రోజులు ఏదో ఒక పని జరిగింది. మిగతా 83లో, తాత్కాలిక కరెంటు స్తంభానికి ట్రాన్స్‌ఫార్మర్ కోసం ఎదురుచూసినవి 38. ఇన్‌స్పెక్షన్ కోసం ఆగినవి 17. వాన 19. మా బిల్డర్ ఫోనెత్తకుండా మాయమైన రోజులు 9. ఈ తొమ్మిదీ మా తప్పే అనుకోండి, మనిషిని ఎంచుకున్నది మేమే కదా. మిగతా 74 రోజుల్లో ఏ రోజుని మేం తగ్గించగలిగేవాళ్ళమో దయచేసి చెప్పండి.

వాన రోజుల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. 2025 జులై 6 రాత్రి షాంటాల్ తుఫాను మన మీదుగా పోయింది. ఈనో నది, హా నది ఎక్కడిదాకా వచ్చాయో మీరే రెండు రోజుల తర్వాత తిరిగి చూశారు. ఆ వారమే మా పునాది కందకాలు తవ్వించాం. కాంక్రీటు పోసేముందు ఇన్‌స్పెక్టర్ వచ్చి ఖాళీ కందకాన్ని చూడాలి, అది నియమం, మంచి నియమమే. ఆయన సోమవారం రావాలి. ఆదివారం రాత్రి కందకాలు కాలవలయ్యాయి. నీళ్ళు తోడి, జారిపడిన బంకమట్టి ఎత్తి, మళ్ళీ తవ్వి, మళ్ళీ ఇన్‌స్పెక్షన్ రాయించుకునేసరికి పన్నెండు రోజులు. ఆ పన్నెండు రోజులూ క్యాంపర్ గడియారం ఆగలేదు.

ఆ రాత్రి మేం క్యాంపర్లలో లేం. గాలి మొదలవగానే రోడ్డు కింద ఉండే పెద్దావిడ ట్రక్కు వేసుకుని వచ్చి, ఈ రేకు డబ్బాల్లో పసిపిల్లల్ని పెట్టుకుని కూర్చుంటారా అని కేకలేసి, ఆరుగురినీ తన ఇంటికి తీసుకెళ్ళింది. తెల్లారి ఆవిడ పెట్టిన బిస్కట్లు, వెన్న, తేనె తిన్నాం. అత్తయ్యకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు, ఇద్దరూ రెండు గంటలు మాట్లాడుకున్నారు. ఎవరో ఫిర్యాదు చేస్తే నోటీసు వచ్చిందని మీ ఆఫీసులో చెప్పారు. పేరు చెప్పరు, అది మీ పద్ధతి. కానీ ఆ రోజు నుంచీ నేను మెయిల్‌బాక్సు దగ్గర ఎవరికి చెయ్యి ఊపినా, వీళ్ళేనా అనుకుంటున్నాను. ఆ పెద్దావిడ విషయంలో కూడా ఒక క్షణం అనుకున్నాను. ఆ ఒక్క క్షణానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఇప్పుడు అసలు మాట. మన రాష్ట్ర చట్టంలో, 160డి అధ్యాయంలో, బిల్డింగ్ పర్మిట్ ఎప్పుడు చచ్చిపోతుందో రాసి ఉంది. ఇచ్చిన ఆరు నెలల్లో పని మొదలవకపోతే పోతుంది. మొదలయ్యాక పన్నెండు నెలలపాటు పని ఆగిపోతే పోతుంది. అంటే పని నడుస్తున్నంతకాలం ఇంటి పర్మిట్‌కి ప్రాణం ఉన్నట్టే. అమెరికాలో యజమానే దగ్గరుండి కట్టుకునే ఇల్లు పూర్తవడానికి సగటున ఏడాదికి పైనే పడుతోందని సెన్సస్ బ్యూరో లెక్కలు చెబుతున్నాయి. చట్టానికి ఈ సంగతి తెలుసు కాబట్టే ఇంటి పర్మిట్‌ని రోజులతో కాకుండా పనితో కొలిచింది. దాని పక్కనే నిలబడ్డ క్యాంపర్ పర్మిట్‌ని మీరు రోజులతో కొలిచారు. మా దగ్గర ఇప్పుడు రెండు కాగితాలున్నాయి. మీ ఇల్లు కట్టుకోండి అని ఒకటి, ఆ ఇల్లు కట్టుకునే చోటు నుంచి వెళ్ళిపొండి అని ఇంకోటి. రెండూ ఒకే భవనంలో, పక్కపక్క కిటికీల దగ్గర ఇచ్చినవే.

క్యాంపర్ ఇల్లు కాదన్న మీ వాదనతో నాకు పేచీ లేదు. అది సెలవుల బండి. ఎన్ఎఫ్‌పీఏ 1192 అనే ప్రమాణంతో తయారవుతుంది, ఇళ్ళ నియమాలతో కాదు. 2018లో ఫెడరల్ గృహ శాఖ కూడా, ఇవి విహారానికే తప్ప శాశ్వత నివాసానికి కావని స్పష్టంగా రాసింది. 2005లో కత్రినా తుఫాను తర్వాత ప్రభుత్వం ఇచ్చిన ట్రైలర్లలో జనం నెలల తరబడి ఉంటే కళ్ళు మండి, ఊపిరి ఆడక ఇబ్బంది పడ్డారు. గోడల చెక్కల జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ వస్తోందని తేలింది. 519 ట్రైలర్లలో గాలి పరీక్షించి, సీడీసీ 2008లో ఆ సంగతి బయటపెట్టింది. ఇవన్నీ చదివాకే మా క్యాంపర్లు కొన్నాం. పాతవి కొన్నదీ, చలిలో కూడా ఒక కిటికీ వేలెడు తెరిచి పడుకునేదీ అందుకే. ఇందులో ఉండిపోవాలని మాకు సరదా లేదు. ఇక్కడి నుంచి బయటపడాలని మీకన్నా మాకే తొందర ఎక్కువ.

మా అత్తయ్యది దివిసీమ. 1977 నవంబరు ఉప్పెనకి వాళ్ళ ఊళ్ళో గోడ అన్నది మిగల్లేదు. ఆవిడకి అప్పుడు ఇరవై రెండేళ్ళు, చంకలో మా ఆయన పెద్దక్క. నీళ్ళు తీశాక అదే స్థలంలో తాటాకు పాక వేసుకుని, పక్కన పెంకుటిల్లు లేచేదాకా అందులో ఉన్నారు. ఎన్నాళ్ళున్నారు అని అడిగితే రోజుల్లో చెప్పరు. గోడలు లేచేదాకా, దూలం ఎత్తేదాకా, పెంకు నేసేదాకా అంటారు. ఉప్పెన లేని ఊళ్ళలో కూడా అంతే. మా అమ్మావాళ్ళు ఇల్లు కట్టినప్పుడు వెనక గొడ్ల సావిడి ఖాళీ చేసి ఏడాది అందులో కాపురం ఉన్నారు. ఎవరి ఇల్లు వాళ్ళ కళ్ళముందు లేవాలి. సిమెంటు బస్తాలు లెక్కపెట్టాలి, రాత్రి గోడలు తడపాలి, మేస్త్రికి టీ ఇవ్వాలి. ఇక్కడ గోడలు తడిపే పని లేదు గానీ, ఆదివారం రాత్రి కందకంలో నీళ్ళు చేరినప్పుడు సోమవారం పొద్దున్నే పంపు పెట్టడానికి మనిషి అక్కడ ఉండాలి. నలభై మైళ్ళ అవతల అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాడికి ఆ సంగతి బుధవారం తెలుస్తుంది.

దూరం ఎందుకు, మన రాష్ట్రంలోనే 2024 సెప్టెంబరు చివర్లో హెలీన్ తుఫాను వచ్చింది. పడమటి కొండల్లో ఇళ్ళు కొట్టుకుపోయినవాళ్ళు ఆ చలికాలం క్యాంపర్లలోనే గడిపారు. ఫీమా ట్రైలర్లు ఇచ్చింది, ఎక్కడెక్కడివాళ్ళో తమ క్యాంపర్లని లాక్కెళ్ళి వదిలేసి వచ్చారు. అప్పుడు మనం ఎవరమూ ఇది ఇల్లు కాదు అనలేదు. మాకు ఉప్పెన రాలేదు, నిజమే. మా ఇష్టంతో వచ్చాం. ఆ తేడా నాకు తెలుసు, అందుకే ఆ సానుభూతి అడగడం లేదు.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి, రాయకుండా దాటేద్దామని రెండుసార్లు అనుకున్నాను. మా రోడ్డుకి రెండు మైళ్ళ అవతల పైన్ చెట్ల వెనక ఒక ముసలాయన క్యాంపర్‌లో ఒక్కడే ఉంటాడు. ఆయన పక్కన ఏ ఇల్లూ లేవడం లేదు, లేవదు. ఆయన దగ్గర బిల్డింగ్ పర్మిట్ లేదు. నేను ఈ ఉత్తరంలో చేస్తున్న వాదన అంతా, మేం ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళం, మేం వేరు అని. ఆ వేరులో ఆయన అవతలి ఒడ్డున పడిపోతాడు. జనవరిలో మీ ఎదుట మాట్లాడిన పద్నాలుగు మందిలో ఆయన లేడు. ఆయన గురించి ఏం చెయ్యాలో నా దగ్గర తీర్మానం లేదు. నా కోరిక తీర్చే చేత్తోనే ఆయన తలుపుకి నోటీసు అంటించకండి అని మాత్రం చెప్పగలను.

నా కోరిక ఇదీ. క్యాంపర్ పర్మిట్‌ని బిల్డింగ్ పర్మిట్‌కి కట్టెయ్యండి. అది బతికున్నంతకాలం ఇది బతకాలి, అది పోయిన రోజు ఇదీ పోవాలి. సెప్టిక్ లేదా పంపు బండి రసీదు, పరీక్షించిన కరెంటు స్తంభం లేనివాళ్ళకి అసలు ఇవ్వకండి. మూడు నెలలకోసారి మీ మనిషి వచ్చి చూసుకోనివ్వండి. పని జరగకుండా గడ్డి మొలిచిన పునాది పక్కన క్యాంపర్ కనిపిస్తే అప్పుడు లాగించెయ్యండి, నేనే వచ్చి గొట్టాలు ఊడదీసి ఇస్తాను. దీనికి డబ్బు ఖర్చు లేదు, కొత్త ఉద్యోగం అక్కర్లేదు. మీ నిబంధనలో ఒక అంకె కొట్టేసి ఒక వాక్యం రాస్తే సరిపోతుంది.

మా డ్రైవ్‌వే మొదట్లో ఆకుపచ్చ రేకు మీద తెల్ల అంకెలతో ఒక బోర్డు ఉంది, చూసే ఉంటారు. 911 వాళ్ళ కోసం కౌంటీయే ఇచ్చిన ఇంటి నంబరు. పునాది కన్నా ముందే ఇచ్చారు. స్కూలు బస్సు ఆ నంబరు దగ్గర ఆగుతుంది, పోస్టు అక్కడికే వస్తుంది. అక్టోబరులో మామయ్యకి ఊపిరి అందకపోతే అంబులెన్సు ఆ నంబరు చూసుకునే పదకొండు నిమిషాల్లో వచ్చింది. మీ నోటీసు మీద కూడా అదే నంబరుంది.

మార్చి సమావేశంలో ఈ విషయం మళ్ళీ వస్తుందన్నారు. సోమవారం సాయంత్రం ఆరింటికి. అదే సోమవారం మాకు ఇన్సులేషన్ ఇన్‌స్పెక్షన్ ఉంది, పొద్దున ఎనిమిదికీ సాయంత్రం ఐదుకీ మధ్య ఎప్పుడైనా వస్తామన్నారు. ఇన్‌స్పెక్టర్ నాలుగుంబావుకి వస్తే నేను వేళకి అందుకోలేను. నా మూడు నిమిషాలూ జాబితాలో చివరికి పెట్టించండి. బూట్లు ఈసారి బయటే విప్పుతాను.

ఇట్లు,
ఆకుపచ్చ బోర్డు వెనక ఉన్న రెండు క్యాంపర్లలో పెద్దదాని నుంచి